కుడివైపు చూడని కళ్ళు

నాకు ఒకచోట కాలు నిలవదు. చిన్నప్పుడు మా అమ్మ, "దీన్ని కూర్చోబెట్టాలంటే మంచంకోడుకి కట్టెయ్యాలే" అని విసుక్కునేది. డాక్టరునయ్యాక కూడా ఆ గుణం పోలేదు. రోగి తన బాధ చెప్పుకుంటూ ఉంటే సగంలోనే అడ్డుపడి, "అదంతా సరేగానీ, వాంతులున్నాయా లేవా?" అనేదాన్ని. డెబ్బైల్లో హఫీజ్‌పేట స్టేషనుకి కాస్త దూరంలో, ఒక చిన్న సర్కారు దవాఖానలో నా ఉద్యోగం. రోజూ సికింద్రాబాదు నుంచి రైల్లో వచ్చి, స్టేషన్లో దిగి, రాళ్ళగుట్టల మధ్య బాట పట్టుకుని నడిచి వెళ్ళేదాన్ని. మాది కృష్ణా జిల్లా. నా "అండి"కి అక్కడివాళ్ళు నవ్వుకునేవారు, వాళ్ళ "గిట్ల"కి నేను నవ్వుకునేదాన్ని. కొన్నాళ్ళకి ఇద్దరికీ అలవాటైపోయింది.

అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలే. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట రాతికూసాల మీద తీగల పందిళ్ళుండేవి. నానక్‌రామ్‌గూడ వైపు పోయే బాటలో అలాంటి తోట ఒకటి ఇద్దరు అన్నదమ్ములది. ఇద్దరి కాపురాలూ తోటలోనే, ఒకే ఇంట్లో. పెద్దాయన తోట చూసుకునేవాడు. తమ్ముడు కాయ దిగిన రోజుల్లో లారీతోపాటు బొంబాయి వెళ్ళి అమ్ముకొచ్చేవాడు. పెద్దామె, చిన్నామె అని ఊరంతా పిలిచే ఆ తోటికోడళ్ళిద్దరూ నాకు బాగా చనువు. ఎవరికి జ్వరమొచ్చినా నేనే వెళ్ళేదాన్ని, వచ్చేటప్పుడు గుత్తులు వద్దన్నా సంచిలో పడేవి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దాయన ఇంట్లోకి వచ్చేముందు గడప బయట నిలబడి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినబడగానే చిన్నామె కొంగు నెత్తిమీదికి లాక్కుని తల దించుకునేది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన నాటినుంచీ ఆమె బావగారి మొహం చూసి ఎరగదు. ఆయనా ఆమెతో ఒక్క మాట నేరుగా అన్నది లేదు. చిన్నామె అక్కడే నిలబడి వింటున్నా సరే, "చిన్నామెకు చెప్పు, బుట్టలు సరిపోలే అని" అని తన భార్యతో అనేవాడు. నాకది చూస్తే ఒళ్ళు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "ఒకే ఇంట్లో ఉంటూ ఈ దాగుడుమూతలేంటమ్మా?" అని అడిగేశాను.

"మర్యాద డాక్టరమ్మా. బావంటే తండ్రి లెక్క గదా," అంది చిన్నామె.

"తండ్రి మొహం చూడవా మరి?" అన్నాను. దానికి నవ్వింది.

కాయ దిగుతున్న ఒక మార్చినెల మధ్యాహ్నం తోటలో పనిచేసే మనిషి దవాఖానకి పరుగున వచ్చాడు. చిన్నామె పందిరికింద గుత్తులు కోస్తూ కోస్తూ కింద పడిపోయిందట, తల తిరుగుతోందంటోందట, వాంతులట. నేను బ్యాగు తీసుకుని అతనికంటే ముందు నడిచాను.

వెళ్ళేసరికి ఆమెని నడింట్లో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మాడుకి ఆముదం అద్ది, కళ్ళమీద తడిగుడ్డ కప్పారు. పక్కన నిమ్మకాయ చెక్కలు, అల్లంరసం గిన్నె. ఎండకి పైత్యం చేసిందని పెద్దామె అప్పటికే నిర్ధారణ చేసేసింది. "కండ్లు తెర్వకు, తెరిస్తే ఇంకింత తిరుగుతది," అని ఆమెకి మాటిమాటికీ చెబుతోంది. మెడ వెనక నొప్పిగా ఉందని, అది రెండు రోజులనుంచీ ఉందని చిన్నామె గొణిగింది. పొద్దస్తమానం తలెత్తి గుత్తులు కోసేవాళ్ళెవరికైనా మెడ నొప్పి పుడుతుంది కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు.

చెయ్యి చూశాను, కాలు చూశాను. రెండిట్లోనూ బలం బాగానే ఉంది. మాట స్పష్టంగా ఉంది, మూతి వంకరపోలేదు. బీపీ సరిగ్గా ఉంది, జ్వరం లేదు. రెండు చెవులూ వినిపిస్తున్నాయి. అంతా బాగుంటే నాకు నిమ్మళించాలి కదా, అది జరగలేదు. ఇంతలో బయట పెద్దాయన దగ్గు వినిపించింది. చిన్నామె కుడిచెయ్యి అలవాటుగా కొంగు కోసం లేచింది. లేచిన చెయ్యి కొంగుని దాటి, చెవిని దాటి, గాలిలో ఏదో వెతుక్కుని మంచంమీద పడింది. రెండోసారి కూడా అంతే. పెద్దామె తనే కొంగు సర్ది, "పాపం, నీరసం," అంది.

ఆ చెయ్యి చూశాక నాకు మా ప్రొఫెసరు గుర్తొచ్చారు. సన్నగా, కోపంగా ఉండేవారు. "తల తిరుగుతోందని ఎవరొచ్చినా ముందు కళ్ళు చూడండి," అనేవారు. "చెవి లోపల తేడా వస్తే కళ్ళు ఎటు చూసినా ఒకేవైపు కొట్టుకుంటాయి. మెదడుకి నెత్తురు అందకపోతే కుడికి చూస్తే కుడికీ, ఎడమకి చూస్తే ఎడమకీ కొట్టుకోవచ్చు. చెయ్యీ కాలూ పడిపోయేదాకా కూర్చునేటట్టయితే మీరెందుకు, ఆ పని గోడగడియారం చేస్తుంది." ఇప్పటి డాక్టర్లు తల పట్టుకుని చటుక్కున పక్కకి తిప్పి కూడా చూస్తున్నారు. ఆ పరీక్ష మాకు తెలీదు. తల లోపలికి చూసే యంత్రాలు అసలే లేవు. మా దగ్గరున్నదల్లా ఒక చూపుడువేలు.

తడిగుడ్డ తీసేసి, "కళ్ళు తెరువు తల్లీ, నా వేలు చూడు," అన్నాను. బలవంతాన తెరిచింది. తిన్నగా చూస్తున్నప్పుడు నల్లగుడ్లు నెమ్మదిగా కుడికి జారి, టక్కున ఎడమకి ఎగురుతున్నాయి. వేలు ఎడమకి తీసుకెళ్ళాను. ఎడమకే ఎగురుతున్నాయి, ఇంకాస్త జోరుగా. ఇంతవరకూ చెవి సంగతే కావచ్చు. ఇక కుడికి తీసుకెళ్ళాను.

కళ్ళు రాలేదు. ముక్కుకి ఎదురుగా ఉన్నంతసేపూ వేలుని వదలని చూపు, నేను కుడికి జరపగానే అక్కడే ఆగి, మంచంమీది చాపవైపు దిగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. కళ్ళు ఒకపక్కకి అసలే తిరగకపోతే అది మెదడులో జరిగిన పెద్ద దెబ్బకి గుర్తు. "చూడమ్మా, ఇటు చూడు!" అని గట్టిగా అరిచాను. కంగారుపడితే నా గొంతు పెద్దదవుతుంది. ఆమె పెదవి కొరుక్కుని కళ్ళు మూసేసుకుంది.

అప్పుడు తల తిప్పి చూశాను. ఆమెకి కుడివైపున గుమ్మం. గుమ్మంలో పెద్దాయన, మొహం బయటికి తిప్పుకుని, చెవి మాత్రం లోపలికి పెట్టి నిలబడి ఉన్నాడు.

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. అదా సంగతి! బావగారు నిలబడ్డవైపు చిన్నామె చూడదు. లోకమంతా గిర్రున తిరుగుతున్నా, వాంతి గొంతులో ఉన్నా, చూడదు. కళ్ళు పడిపోలేదు, మర్యాద చేస్తున్నాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చెవి తాలూకు తిప్పే అయ్యుంటుంది, మాత్ర ఇచ్చి సాయంత్రం రైలుకి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను కూడా. కానీ ఆ గాల్లో తడుముకున్న చెయ్యి నన్ను కూర్చోనివ్వలేదు. కుడివైపు నేను చూడలేదు. చూడనిదాన్ని బాగుందని ఎలా అనుకోను?

"మీరు కాస్త అవతలికి వెళ్ళండి," అన్నాను పెద్దాయనతో.

"నేనా?" అన్నాడు. సొంత ఇంటి గుమ్మంలోంచి ఆయన్ని పొమ్మన్నవాళ్ళు ఎవరూ ఉండి ఉండరు. మొహం ఎర్రబడింది. అయినా చెప్పులీడ్చుకుంటూ పశువుల కొట్టంవైపు వెళ్ళాడు. నేను తలుపు వేశాను.

"ఇప్పుడెవరూ లేరు. వేలు చూడు."

ఈసారి కళ్ళు కుడికి వచ్చాయి. చివరిదాకా వచ్చాయి. వచ్చి, అక్కడ నిలబడలేక, కుడికి ఎగరడం మొదలుపెట్టాయి. మళ్ళీ ఎడమకి తీసుకెళ్ళాను: ఎడమకి. కుడికి: కుడికి. ఒక కన్ను నా అరచేత్తో మూసి తీశాను. తియ్యగానే ఆ గుడ్డు పైనుంచి కిందికి సర్దుకుంది. రెండు కళ్ళూ ఒక మట్టంలో లేవన్నమాట. లేపి కూర్చోబెడదామని భుజాలు పట్టుకున్నాను. పట్టు వదలగానే కుడిపక్కకి బస్తాలా ఒరిగిపోయింది. ఇంక చూడాల్సిందేమీ లేదు. మెదడు కిందిభాగానికి నెత్తురు ఆగింది. రేపోమాపో అక్కడ వాపొస్తే మనిషి దక్కదు.

బయటికొచ్చి పెద్దాయనతో చెప్పాను, వెంటనే పట్నంలో పెద్ద దవాఖానకి తీసుకెళ్ళాలని.

ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన తప్పూ కాదు. పక్షవాతమంటే చెయ్యీ కాలూ పడిపోవడమని ఊళ్ళో అందరికీ తెలుసు. "చెయ్యి ఆడుతున్నది, కాలు ఆడుతున్నది, మాట సక్కగున్నది. గిది పైత్యం డాక్టరమ్మా. ఉత్తగ పరేషాన్ కాకు. తమ్ముడు బొంబాయికెళ్లి రేపొస్తడు. వాడొచ్చినంక పోతం. వాడు లేకుంట చిన్నామెను నేనెట్ల తీస్కపోత?"

"ఆయనొచ్చేసరికి తీసుకెళ్ళడానికి మనిషి ఉండాలి కదండీ!" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది, కానీ నా నోరు అంతే. "కావాలంటే లోపలికొచ్చి ఆమె కళ్ళు మీరే చూడండి. అవి ఎలా ఎగురుతున్నాయో మీకే తెలుస్తుంది."

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. "నేనెట్ల సూస్త?" అన్నాడు మెల్లిగా.

నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. రుజువంతా ఆ కళ్ళలో ఉంది. ఆ కళ్ళు చూడడానికి ఈయన ఒప్పుకోడు. వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. అక్కడున్న ద్రాక్షబుట్టని కాలితో తన్నాను కూడా. చివరికి పెద్దామె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను.

"నువ్వు చూడు. నా వేలు కాదు, దాని కళ్ళు చూడు."

పెద్దామె మంచం పక్కన గొంతుకూర్చుంది. నేను వేలు కదిపాను. ముందు ఆమెకేమీ అర్థం కాలేదు. తర్వాత నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఓ అమ్మా! గిటు సూస్తే గిటు ఎగురుతున్నయ్, గటు సూస్తే గటు. గివేం కండ్లు?" అంటూ లేచి గుమ్మందాకా పరుగెత్తింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి వాకిలంతా వినబడేలా అరిచింది. "జీపు తియ్యి! నేను సూసిన, నా కండ్లతోని సూసిన. ఇగ తమ్ముడు గిమ్ముడు అనకుంట జల్దీ తియ్యి!"

ఆయన తోటపనికి వాడే జీపుని వాకిట్లోకి తెచ్చాడు. మంచంతో సహా ఎత్తి జీపుదాకా మొయ్యాలి. ముగ్గురు కూలీలు మూడు కోళ్ళు పట్టారు, నాలుగోది ఆయన పట్టాడు. తలవైపు కోడు. మోసినంతసేపూ మొహం పక్కకి తిప్పుకునే ఉన్నాడు. ముందు చూసుకోకపోవడంవల్ల దర్వాజాకి భుజం కొట్టుకుంది. నెత్తురొచ్చింది, తుడుచుకోలేదు.

అప్పటి రోడ్డు గురించి చెప్పేదేముంది. రాయి, గుంట, రాయి. పెద్దామె తోటికోడలి తలని ఒళ్ళో కదలకుండా పట్టుకుంది. నేను క్షణక్షణానికీ ఆమె రెప్పలెత్తి చూస్తూ, పిలుస్తూ, "ఇంకా ఎంత దూరం?" అని ఆయన్ని వేధిస్తూ కూర్చున్నాను. ఎంత దూరమో నాకూ తెలుసు. అడక్కుండా ఉండలేకపోయాను, అంతే. దారిలో ఎక్కడో ఉన్నదంతా కక్కేశాను. "ఇందాక మీరు గుమ్మంలో నిలబడ్డారు. మీవైపు చూడకూడదని ఆమె కళ్ళు సగంలో ఆపేసింది. జబ్బంతా ఆ చూడని పక్కే ఉంది. మిమ్మల్ని పొమ్మనకపోతే నేను మాత్రలిచ్చి వెళ్ళిపోయేదాన్ని. మీ మర్యాద ఆమె ప్రాణం మీదికి తెచ్చేది!"

ఆయన జీపుని గుంటల్లో ఇంకా మెల్లిగా, ఇంకా జాగ్రత్తగా దింపాడు.

పెద్ద దవాఖానలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, "చెవి ప్రాబ్లం మేడమ్, వార్డులో ఉంచి రేపు చూద్దాం," అన్నాడు. నేను వేలెత్తాను. అతనూ వంగి చూశాడు. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. లేచి పెద్ద డాక్టర్లని పిలవడానికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి చిన్నామె మత్తుగా ఉంది. పిలిస్తే పలికేది, మళ్ళీ జారిపోయేది. లోపల వాపు మొదలైంది, తల వెనకభాగం తెరిచి వాపుకి చోటివ్వాలన్నాడు సర్జన్. ఆ రోజుల్లో ఆ ఆపరేషనంటే బతికే ఆశ ఎంతో ఎవరూ చెప్పేవారు కాదు. భర్త ఇంకా రాలేదు. సంతకం ఎవరు పెడతారని నర్సు అడిగింది. పెద్దాయన ముందుకొచ్చాడు.

"మీరు ఆమెకి ఏమవుతారు?" అంది నర్సు.

ఆయన కలం అందుకున్నాడు. "తండ్రి లెక్క," అన్నాడు.

ఆమె లోపలున్నంతసేపూ నేను ఆ వరండా ఈ చివరనుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను. కాలికింద బండలు అరిగిపోయేవే. పెద్దామె గోడకి ఆనుకుని దణ్ణాలు పెట్టుకుంటోంది. పెద్దాయన ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. చివరికి ఆయనే, "జర కూసో డాక్టరమ్మా, నిన్ను సూస్తుంటే నాకు తల తిరుగుతున్నది," అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా ముగ్గురం నవ్వాం. నవ్వినందుకు వెంటనే భయమేసింది.

ఆమె బతికింది. సాయంత్రానికి భర్త దిగాడు. ఒంటినిండా లారీ దుమ్ముతో వచ్చి వార్డు గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తలెత్తి పనిచేసేవాళ్ళకి మెడలో నెత్తురు గొట్టం లోపల చీలి ఇలా అవుతుందని చాలా ఏళ్ళ తర్వాత నేను చదివాను. చదివినప్పుడు ఆ పందిరి, ఎత్తిపట్టిన ఆ మెడ కళ్ళముందు కనబడ్డాయి.

కానీ బతకడం వేరు, కోలుకోవడం వేరు. గుండు చేసిన తలకి కట్టుతో ఆమె మంచంమీద ఉండేది. అన్నీ రెండేసి కనబడుతున్నాయనేది. నేను దవాఖాన పని కాగానే రైలెక్కి వచ్చేసేదాన్ని. రాగానే ఎలా ఉన్నావని కూడా అడక్కుండా వేలెత్తేదాన్ని. కళ్ళు రోజురోజుకీ కాస్త నెమ్మదిస్తున్నాయి. కుడివైపు మాత్రం ఇంకా మొండికేస్తున్నాయి. నాకు ఓపిక లేక, "ఎప్పటికి నిలబడతాయే ఇవి!" అని ఆమెనే కసిరేదాన్ని. పెద్దాయన రోజూ వచ్చేవాడు. ఆడవాళ్ళ వార్డులోకి అడుగుపెట్టేవాడు కాదు. బయట వరండాలో కూర్చుని, నేను రాగానే, "కండ్లు నిలవడ్డయా?" అని ఒక్కటే మాట అడిగేవాడు.

ఒకరోజు నేను మంచం దగ్గరుండగా గుమ్మం బయట దగ్గు వినబడింది. చిన్నామె కుడిచెయ్యి లేచింది. దారి తప్పకుండా, తడుముకోకుండా వెళ్ళి కొంగు అంచు పట్టుకుని కట్టుమీదికి లాక్కుంది. నేను గట్టిగా కేకేశాను. వార్డంతా నావైపు చూసింది. "కొంగు దొరికింది! దీనికి కొంగు దొరికింది!" అని పెద్దామెని పట్టుకుని ఊపేశాను. ఆ ఊపులోనే వేలెత్తి, "చూడు, కుడికి చూడు," అన్నాను.

ఆమె చూడలేదు. కుడివైపు గుమ్మం ఉంది, అక్కడ ఆయన ఉన్నాడు. కళ్ళు మళ్ళీ సగంలో ఆగి దుప్పటి మీదికి దిగిపోయాయి. ఇంత జరిగాక కూడానా అని నాకు మళ్ళీ మంట రేగింది. ఆయన్ని పొమ్మందామని నోరు తెరిచాను.

పెద్దాయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. మంచానికి కుడిపక్క, నా వేలు ఉండాల్సిన చోట, వచ్చి నిలబడ్డాడు. మొహం పక్కకి తిప్పుకోలేదు.

"గిటు సూడు, బిడ్డా," అన్నాడు. "నేనే. సూడు, ఏం గాదు."

ఆయన ఆమెతో నేరుగా మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి. పెద్దామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చిన్నామె చాలాసేపు దుప్పటి పోగులు లెక్కపెడుతున్నదానిలా ఉండిపోయింది. తర్వాత కళ్ళు మెల్లిగా ఎత్తింది. కుడికి తీసుకెళ్ళింది. చివరిదాకా తీసుకెళ్ళి ఆయన మొహంమీద పెట్టింది. నేను వంగి, ఊపిరి బిగబట్టి, ఆ గుడ్లనే చూస్తున్నాను. ఒకసారి అదిరాయి. ఇంకోసారి అదిరాయి. నిలబడ్డాయి.

"ఒక్కరే కనబడుతున్నారా, ఇద్దరా?" అని అడిగాను.

"ఒక్కరే," అంది.

ఆయన తలాడించి, వచ్చినంత నిశ్శబ్దంగా బయటికి వెళ్ళిపోయాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ, బ్యాగు సర్దుతున్నట్టు నటిస్తూ, ఏదో ఒకటి వాగుతూ ఉండిపోయాను. చిన్నామె మాత్రం ఆయన వెళ్ళిన గుమ్మంవైపే చూస్తూ ఉంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"బావ ముసలోడైండు డాక్టరమ్మా," అంది. "నాకు ఎరుకనే లేదు. గిన్నేండ్లసంది ఆయన కాళ్లనే సూసిన."